పిట్టలకు పెట్టి మంచె ఎక్కే లూదియమ్మ

ఆళ్లగడ్డలో వడిసెల తిప్పడమంటే లూదియమ్మే తిప్పాలి. మగవాళ్లు తిప్పలేదా అంటే తిప్పారు. వాళ్ల రాయి ఎటు పోతుందో వాళ్లకే తెలియదు. పక్క చేనిలో కలుపు తీసేవాళ్లు తల మీద గంప బోర్లించుకుని కూర్చునేవాళ్లు. లూదియమ్మ రాయి అట్లా కాదు. మంచె మీద నిలబడి, కొంగు నడుముకు బిగించి, నార వడిసెలను తల చుట్టూ రెండుసార్లు తిప్పి వదిలిందంటే, జొన్నకంకుల మీద వాలిన గుంపుకు జానెడు ఎత్తున రాయి దూసుకుపోయేది. ఛెళ్లుమన్న చప్పుడుకే గుంపంతా లేచిపోయేది. పిట్టకు తగలదు, కంకి విరగదు. ఇరవై ఏళ్ల కావలిలో ఆమె చేతిలో ఒక్క పిట్ట చావలేదు. ఆ మాట ఆమె చెప్పుకోలేదు, ఊరు చెప్పుకుంది.

ఊరు ఇంకో మాట కూడా చెప్పుకునేది, ఇది మాత్రం నవ్వుతూ. పగలంతా పిట్టల్ని తరిమే ఈ మనిషే, చలి మొదలైన దగ్గర్నుంచి తెల్లారగానే తన పెరట్లో అవే పిట్టలకు గింజలు పెట్టేది.

ఆమె ఇల్లు ఊరికి తూర్పున, నల్లమల కనిపించే వైపు, చిట్టచివరన ఉండేది. బోదగడ్డి కప్పిన చిన్న కొట్టం. వెనక తుమ్మకంప కట్టిన పెరడు. కంపకు అవతల రెడ్లవాళ్ల ఎనిమిదెకరాల జొన్న చేను. ఆమె కావలి కాసేది ఆ చేనికే. మొగుడు పోయి పదేళ్లు దాటింది. ఒక్కగానొక్క కూతురు సలోమిని నంద్యాలలో ఇచ్చింది. జొన్న కోసి నూర్చినప్పుడు కావలికని కళ్లంలో పోసే జొన్నలే ఆమెకు ఏడాది తిండి. అవి లేకపోతే పొయ్యి మీద సంగటి లేదు. ఈ సంగతి మనసులో పెట్టుకుంటేనే తర్వాత ఆమె చేసిన పని ఎంత పెద్దదో తెలుస్తుంది.

కార్తీకం వెళ్లేసరికి కొండ మీదనుంచి గాలి తిరిగేది. కొర్ర కోతలు అప్పటికే అయిపోయి, మోళ్లలో రాలిన గింజ కూడా చీమలు ఎత్తుకుపోయేవి. జొన్న ఇంకా ఈనలేదు. పురుగూ పుట్రా చలికి మట్టిలో దూరేవి. పిట్టలకు ఏ పక్కా నోటికి దొరకని కాలం అది. అప్పుడు లూదియమ్మ ఒక గోనెసంచి భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగేది. మంచి గింజ అడిగేది కాదు. చెరిగినప్పుడు చేట చివర మిగిలేవి, జల్లెడ కిందికి దిగిన నూకలు, మట్టిబెడ్డలతో కలిసిన కొర్రలు, ఏవైనా సరే.

కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన ఏడు, అట్లాగే సంచి పట్టుకుని రెడ్లవాళ్ల ఇంటికి పోయింది. ఆ ఇంట్లో పెద్దాయన ఎండాకాలంలో కాలం చేశాడు. కొడుకు ఓబులేసు అంతవరకు నంద్యాలలో శనక్కాయల మిల్లు పొత్తులో నడిపేవాడు. తండ్రి పోయాక పెళ్లాం ఉమామహేశ్వరమ్మను తీసుకుని సేద్యం చూసుకోవడానికి ఊరికి వచ్చేశాడు. ఉమామహేశ్వరమ్మ వసారాలో కూర్చుని కొర్రలు చెరుగుతోంది.

"వచ్చినావా లూదియమ్మా? పిట్టల సంచి వచ్చిందంటే చలి వచ్చినట్టేనంట గదా, ఊర్లో అంటాండారు."

"చలి ముందే వచ్చింది రెడ్డెమ్మా, నేనే ఆలస్యం. ఏందీ, చేట అట్ల పట్టినావు? గింజంతా తవుడుతోనే పోతాంది. నంద్యాల్లో మిల్లు బియ్యం తిని చెరిగేది మరిచిపోయినావు."

"మా అత్త గూడా ఇట్ల అనలేదమ్మా నన్ను."

"మీ అత్త నోరు లేని మనిషి. ఉండింటే నీ చేట పెరుక్కునుండు, మాట్లాడకుండానే. తే, నేను చెరుగుతా. కిందపడింది మాత్రం నాది."

ఉమామహేశ్వరమ్మ నవ్వి చేట ఇచ్చేసింది. లూదియమ్మ చెరుగుతుంటే గింజ ఒక పక్కకు, పొట్టు ఒక పక్కకు, నూక ఒక పక్కకు, చెప్పి పంపినట్టు పోయాయి. ఆ నూకను సంచిలో ఎత్తుకుని, ఇంటావిడ ఇచ్చిన వక్కాకు నోట్లో వేసుకుని వచ్చేసింది.

పొద్దున పెట్టే పని చూడాలి. పెరటి మధ్యలో ఒక నాపరాయి బండ ఉండేది. తెలతెలవారుతుండగా దాన్ని చీపురుతో తుడిచి, రెండు పిడికిళ్లు గింజ పలుచగా చల్లేది. పగిలిన బాన అడుగు పెంకులో నీళ్లు పోసేది. తర్వాత గొంగడి కప్పుకుని, వెదురుపుల్ల పట్టుకుని పక్కనే కూర్చునేది. ముందు పిచ్చుకలు దిగేవి. వాటి వెనక గొరవంకలు, అందరికంటే కడాన గువ్వలు. గువ్వలకు సిగ్గెక్కువ. కాకులు వచ్చి అన్నిటినీ తోసేసి తినబోతే వెదురుపుల్ల లేచేది. "నీకు ఊరంతా ఇండ్లుండాయి, పో" అనేది కాకితో. ఉడుతను మాత్రం ఒక ఓర ఒప్పుకునేది. గువ్వలు తిని, నీళ్లు తాగి లేచిన తర్వాతే ఆమె లేచేది. అప్పటికి బారెడు పొద్దెక్కేది. అప్పుడు అంబలి ముంత పట్టుకుని, వడిసెల భుజాన వేసుకుని, కంప సందులోంచి చేనిలోకి దూరి మంచె ఎక్కేది.

కావలికి బారెడు పొద్దెక్కినాక రావడమేంటని పెద్దాయన ఏనాడూ అడగలేదు. చేను దెబ్బతినలేదు, అడగాల్సిన పని పడలేదు.

ఓబులేసు అడిగాడు. మార్గశిరంలో ఒకనాడు పొద్దున్నే, గొంగడి ముసుగేసుకుని చేను చూద్దామని వచ్చాడు. మంచె ఖాళీగా ఉంది. చుట్టూ చూస్తే కంప అవతల పెరట్లో లూదియమ్మ కనిపించింది. ఆమె ముందర, బండ నిండా పిట్టలు. కంప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మే లూదియమ్మా! మంచె ఈడుంటే నువ్వాడ ఏం చేస్తాండావు?"

"రోంత మెల్లిగ మాట్లాడప్పా. గువ్వలు ఇప్పుడే దిగినాయి."

"గువ్వలా? నేను నిన్ను పెట్టుకుండేది పిట్టల్ని తోలేదానికా, మేపేదానికా?"

"తోలేదానికే. ఇవి తినేసినాక పోయి తోల్తా గదా."

 మిల్లులో ఓబులేసుకు ఇట్లాంటి జవాబు ఎవరూ చెప్పి ఉండరు. "దొంగలకు కూడు పెట్టి, బలిపించి, నా చేని మీదికి పంపిస్తాండావా?" అన్నాడు.

"నేను పెట్టకుంటే ఇవి కాశీకి పోతాయా? ఈడనే ఉంటాయి. పగలంతా రాళ్లేసి తరిమేదాన్ని, పొద్దున్నే పిడికెడన్నా పెట్టకుంటే ఎట్ల? మీ నాయన్నడుగు." అని, ఆయన లేడన్న సంగతి గుర్తొచ్చి, "ఉండింటే చెప్పుండు" అంది.

అంతే ఆమె దగ్గర ఉన్న కారణం. తరిమేది తనే కాబట్టి పెట్టాల్సింది కూడా తనే అనుకునేది. దాని వెనక ఇంకో లాభం ఉందని ఆమెకూ తెలియదు.

ఓబులేసు తేల్చి చెప్పేశాడు. "చూడు. ఇంగ వారంలో కంకి పాలు పడతాది. రేపట్నుంచి తెల్లారకముందే, మబ్బుతోనే మంచె మీద ఉండాల. ఈ బండ మీద గింజ పడగూడదు. కాదంటావా, చెప్పు. కావలికి యోబును పెట్టుకుంటా. వాడు రేకుడబ్బా కొట్టి తోల్తాడు."

"యోబు డబ్బా కొడితే పిట్టలు పోయేది తెల్దు గానీ నీ ఎద్దులు మాత్రం తాడు తెంచుకోని పోతాయి."

"అదంతా నీకెందుకు? ఉంటావా, మానుకుంటావా?"

ఆమెకు నోరు ఉంది కానీ, కళ్లంలో జొన్నలు కూడా కావాలి. నంద్యాలలో సలోమి ఇంట్లో నలుగురు పిల్లలు, మంచం పట్టిన అత్త. అక్కడికి పోయి తిని కూర్చుంటే కూతురు ఏమీ అనదు, కానీ ఈమెకే ముద్ద దిగదు. లూదియమ్మ బండ వైపు చూసింది. "ఉంటా" అంది.

మాట ఇచ్చిందంటే ఇచ్చినట్టే. మర్నాటి నుంచి చుక్కలు ఉండగానే మంచె ఎక్కింది. తెల్లారింది. మంచె మీదనుంచి తన పెరడు అరచేయిలా కనిపిస్తోంది. పిచ్చుకలు బండ మీద దిగాయి. అటు గెంతి, ఇటు గెంతి, బండను ముక్కుతో పొడిచి చూశాయి. గొరవంకలు ఆమె కూర్చునే చోటు చుట్టూ తిరిగాయి. గువ్వలు కంప మీద వరుసగా కూర్చుని చాలాసేపు కదల్లేదు. లూదియమ్మ మంచె మీద అటు తిరిగి కూర్చుంది.

ఇంతలో కంకి పాలు పట్టింది. వేలితో నొక్కితే తెల్లగా చిట్లే జొన్నంటే పిట్టలకు అంతకు మించిన పండగ లేదు. మొదటి రోజు రాయి వేస్తే లేచాయి కానీ నాలుగు సాళ్లవతల మళ్లీ వాలాయి. రెండో రోజు ఒక్క రాయితో అయ్యే పనికి పది రాళ్లు పట్టాయి. మూడో రోజు సాయంత్రానికి భుజం పైకి లేవలేదు. అరిచింది, కొంగు విసిరింది, మంచె గుంజలు కదిలించింది. రాయి నెత్తి మీదనుంచి పోతున్నా అవి తల వంచుకుని తింటూనే ఉన్నాయి. ఈ పిట్టలు తన పిట్టలేనా అని అనుమానం వచ్చింది ఆమెకు.

నాలుగో రోజు పొద్దున, జానెడు ఎత్తు పోవాల్సిన రాయిని కంకులకు నాలుగు వేళ్ల ఎత్తుకు దించి వేసింది. లేస్తాయనుకుంది. ఎప్పుడూ లేచేవి మరి. లేవలేదు.

మంచె దిగి, సాళ్లలో వెతికింది. ఒక గొరవంక. రెక్క విప్పుకుని పడి ఉంది. ముక్కు పక్కన జొన్నపాలు ఇంకా తడి ఆరలేదు. లూదియమ్మ దాన్ని అరచేతిలోకి తీసుకుంది. చలికాలం పిట్ట ఈకలతో బొద్దుగా కనిపిస్తుంది, కానీ వేలు పెట్టి తడిమితే రొమ్ము ఎముక కత్తిలాగా తగిలింది. అక్కడే సాలులో కూలబడింది. ఏడ్చిందని ఎవరూ అనలేదు, ఏడ్చే మనిషి కాదు. అక్కడ కూర్చునే ఇరవై ఏళ్ల పనిని మొదటినుంచీ మళ్లీ తలపోసుకుంది.

లేచి, మన్ను తవ్వి పిట్టను పూడ్చి, నేరుగా ఓబులేసు ఇంటికి పోయింది. ఓబులేసు అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఆమె వడిసెల తీసి అరుగు మీద పెట్టింది.

"ఏంది, తెగిపోయిందా?" అన్నాడు.

"లేదు. పిట్ట చచ్చింది నా చేతిలో."

"చస్తే చావనీ. ఒకటి చస్తే పది బెదురుతాయి."

"బెదురుతాండ్లా అప్పా, అదే చెప్పొచ్చినా. కడుపులో రోంత ఉన్నెప్పుడు దానికి భయముంటాది. రాయి చూస్తాది, మనిషిని చూస్తాది. కడుపు కాల్తాంటే యాడ చూస్తాది? ఇన్నేండ్లు నా చెయ్యే గొప్పదనుకుంటి. నా చెయ్యి కాదు. ఆ బండ మీది నూకలు."

వసారాలో ఉమామహేశ్వరమ్మ చేతిలో పని ఆపి వింటోంది. ఓబులేసు కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"శానా బాగుండాది కత. మళ్లా పిట్టలకు పెట్టుకునేదానికి, మళ్లా లేటుగ వచ్చేదానికి, ఎంత పెద్ద దోవ కనిపెట్టినావే!"

ఇరవై ఏళ్ల గొప్పను తన నోటితోనే తీసిపారేసుకున్న మనిషిని పట్టుకుని అన్న మాట అది. లూదియమ్మకు కోపం రావాలి. రాలేదు. అలిసిపోయింది.

"నీ కావలి నీకు, నా బండ నాకు" అంది.

"తర్వాత కళ్లం కాడికి వచ్చి నిలబడద్దు మరి."

"పిలిస్తే గదప్పా వచ్చేది" అని మెట్లు దిగింది. వీధి మలుపు తిరిగేదాకా నడక మారలేదు. తిరిగాక మాత్రం అక్కడున్న ఏలీయా వాళ్ల ఇంటి గోడకు ఆనుకుని కాసేపు నిలబడింది. ఇంట్లో కుండలో పదిహేను రోజులకు సరిపడా జొన్నలు ఉన్నాయి. ఆ తర్వాత ఏమిటన్నది ఆ గోడను అడిగినా చెప్పదు.

మర్నాడు తెల్లారేసరికి బండ తుడిచి, గింజ చల్లి, వెదురుపుల్ల పట్టుకుని కూర్చుంది. పిచ్చుకలు వచ్చాయి, గొరవంకలు వచ్చాయి. గువ్వలు రెండు రోజులు అలిగి మూడో రోజు దిగాయి.

ఇక ఓబులేసు సంగతి. యోబు కోసం మనిషిని పంపితే, వాడు అప్పటికే వేరే చేనికి కుదిరిపోయాడు. పాలు పట్టేది అందరి చేలూ ఒకేసారి కదా, ఊళ్లో ఖాళీగా ఉన్న కావలి మనిషే లేడు. చేసేది లేక తనే మంచె ఎక్కాడు. మొదటి పొద్దు వడిసెల తిప్పాడు. రాయి వెనక్కి పోయి తన అంబలి ముంతకే తగిలింది. పెరట్లో కూర్చున్న లూదియమ్మకు ముంత పగిలిన చప్పుడు వినిపించింది. నవ్వు రాబోతే గొంగడి అడ్డం పెట్టుకుంది, గువ్వలు బెదురుతాయని.

వడిసెల పక్కన పడేసి, ఓబులేసు గొంతెత్తి అరిచాడు. "హోయ్! హోహోయ్!" అంతే, చేనంతా లేచింది. మళ్లీ వాలితే మళ్లీ అరిచాడు, మళ్లీ లేచాయి. తెల్లవారి బండ మీద తినివచ్చిన పిట్టలు అవి, మనిషి గొంతుకే హడలిపోతున్నాయి. ఓబులేసు మాత్రం అది తన గొంతు మహిమ అనుకున్నాడు.

బస్టాండు కాఫీ హోటల్లో అందరికీ చెప్పాడు. "కావలి కావలి అని మా నాయన ఇన్నేండ్లు ఊరికే జొన్నలు పోసినాడు. వడిసెల లేదు, రాయి లేదు. నా గొంతు ఒక్కటి చాలు."

మాట బావి దగ్గరికి చేరింది. నీళ్లు చేదుతున్న నాగేశ్వరమ్మ ఊరుకుంటుందా? "ఏం లూదియమ్మా, రెడ్డి గొంతు ముందర నీ వడిసెల ఓడిపాయెనంట గదా?"

ఎవరేమన్నా రెండు మాటలు ఎక్కువే తిప్పికొట్టే లూదియమ్మ ఆ రోజు బిందె ఎత్తుకుని, "అరవనీలే, రొమ్ముకు మంచిది" అని మాత్రం అని వెళ్లిపోయింది. చేను బాగుంటే చాలనే అనుకుంది ఆమె. చేను మీద ఆమెకు ఎప్పుడూ కోపం లేదు.

అంతలో క్రిస్మసు వచ్చింది. ఏటా పండక్కి నంద్యాలలో కూతురింటికి పోవడం అలవాటు. ఈసారి ఇంకో పని కూడా ఉంది. అల్లుడు కృపావరం ఒక శనక్కాయల మిల్లులో హమాలీ. ఆ మిల్లులో ఆడవాళ్లకు విత్తనాలు ఏరే పని ఉంటుంది. ఉన్న నూకలు చివరి పొద్దున బండ మీద దులిపేసి, సంచి మడిచి దూలానికి దోపి, బస్సెక్కింది.

నంద్యాలలో మూడు రోజులు ఉంది. చర్చిలో కొత్త చీరల మధ్య కూర్చుంది, మనవళ్లకు కజ్జికాయలు చేసింది. కానీ తెల్లారుజామున మెలకువ వచ్చినప్పుడల్లా లేచి కూర్చునేది.

"ఏంది మా, నిద్ర పట్టల్యా?" అంది సలోమి.

"బండ ఖాళీగ ఉంటాది."

"నీకు తిండి లేదంటే దిగుల్లేదు, పిట్టలకు లేదని దిగులు."

"నాకు లేదంటే నిన్ను అడుగుతా. అవి ఎవరిని అడుగుతాయి?"

కృపావరం మేస్త్రీతో మాట్లాడాడు. కొత్త సంవత్సరం కాగానే వచ్చి చేరమన్నారు. మిల్లు చావడిలో దుమ్ము పొగలాగా ఉంది. ఆడవాళ్లు వరుసగా తలలు వంచుకుని ఏరుతున్నారు. లూదియమ్మ కాసేపు నిలబడి చూసింది. ఆకాశం కనిపించే కిటికీ ఒక్కటి కూడా లేదు. "వస్తా" అని చెప్పింది. వేరే దారి లేదు మరి.

సామాను సర్దుకుని పోదామని ఆళ్లగడ్డకు తిరిగి వచ్చింది. బస్సు దిగి నడుస్తూ చేను చూసి ఆగిపోయింది. పడమటి అంచున కంకులన్నీ గింజ ఊడి, ఉత్త చీపుర్లలాగా నిలబడి ఉన్నాయి. మూడు రోజుల కిందట గింజతో బరువెక్కి వంగిన కంకులు అవి.

ఇంటి తలుపు తీసిందో లేదో ఉమామహేశ్వరమ్మ వచ్చింది, పరుగున వచ్చినట్టు ఆయాసపడుతూ. రెడ్లింటి కోడలు ఆ ఇంటి గడప దగ్గరికి రావడం అదే మొదటిసారి.

"యాడికి పోయినావమ్మా చెప్పకుండా! మా ఆయన గొంతు పోయింది."

"గొంతేంది, పోయేదేంది?"

"నువ్వు పోయిన మరుసటి పొద్దు నుంచి అవి లేస్తాండ్లా. అరిచినాడు, అరిచినాడు. తినేటివి తింటానే ఉండాయి. రెండు పొద్దులు అట్ల అరిచి, నిన్న సాయంత్రానికి గొంతు కూచుండిపాయె. ఇప్పుడు గుసగుస తప్ప ఏం రాదు. కాఫీ హోటల్లో అడిగితే చేత్తో సైగ చేస్తాండాడు." చెప్తూ చెప్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుడి మీద నవ్వకూడదని ఎంత ఆపుకున్నా ఆగలేదు. "నువ్వు ఆ పొద్దు అరుగు కాడ చెప్పిందే నిజమని నేను రాత్రి చెప్పినా. ఈసారి తిట్టల్యా. తిట్టేదానికి గొంతు ల్యాకనో ఏమో."

లూదియమ్మకు నవ్వు రాలేదు. "ఎంత పోయింది చేను?" అంది.

"అంచులే. నడిమద్ద బాగనే ఉండాది."

ఉమామహేశ్వరమ్మ వెళ్లిన కాసేపటికి ఓబులేసు వచ్చాడు. వీధి వైపు నుంచి కాదు, చేని వైపు నుంచి, కంప అవతలికి. మెడకు తువ్వాల చుట్టుకున్నాడు. ఏదో అన్నాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

"రోంత గట్టిగ మాట్లాడప్పా, వినపడల్యా" అంది లూదియమ్మ. ఈ మాత్రం అనే హక్కు ఆమెకు ఉంది.

ఓబులేసు కంప మీదికి వంగాడు. "రేపట్నుంచి... మంచెక్కు" అన్నాడు గుసగుసగా.

"నాకు నంద్యాల మిల్లులో పని కుదిరింది."

"మిల్లా?" ఆయన మొహం చిన్నబోయింది. ఎంతైనా మిల్లు నడిపిన మనిషి. ఆ చావడి ఎట్లా ఉంటుందో ఆయనకు తెలుసు. "ఆ దుమ్ములో నువ్వు ఉండలేవు" అన్నాడు.

"ఉండలేను. ఈడ పెట్టకుండా గూడా ఉండలేను. రెండిట్లో ఏదో ఒకటి ఓర్చుకోవాల గదా."

ఓబులేసు కాసేపు బండ వైపు, కాసేపు చేని వైపు చూశాడు. "పెట్టుకో" అన్నాడు. ఆ ఒక్క మాట రావడానికి ఆయన గొంతు నొప్పి కంటే ఇంకేదో ఎక్కువ అడ్డం పడి ఉండాలి.

వేరే మనిషైతే అక్కడితో సరే అని ఉండేది. లూదియమ్మ అనలేదు.

"పెడితే కాకుల్ని తోలుకుంటా కూచోవాల. గువ్వలు తినేసరికి బారెడు పొద్దెక్కుతాది. అంతసేపు మంచె ఖాళీగ ఉంటే మళ్లా నువ్వు ఆ కంప కాడికొచ్చి అరుస్తావు. నా గువ్వలు లేచిపోతాయి."

"అయితే?"

"నేను వచ్చేదాకా నువ్వు కూచో."

"నేనా?"

"పెట్టేది నేను, కాసేది నేను అంటే ఒక మనిషి రెండు తావుల ఎట్లుంటాదప్పా? చేను నీదే గదా. ఊరికే కూచో, అరవాల్సిన పని గూడా లేదు. గొంతుకు గూడా మంచిది."

ఓబులేసు ఎర్రగా చూశాడు. తిట్టడానికి నోరు తెరిచాడు, గొంతు రాలేదు. తెరిచిన నోరు అట్లాగే మూసి, తల ఊపి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ఆయన ఇంటి నుంచి ఒక గంపెడు నూకలు వచ్చాయి. గంప మోసుకొచ్చిన పనిమనిషి, "కోళ్లకని ఇయ్యమన్నాడు రెడ్డి" అంది.

"నాకు కోళ్లు యాడుండాయి?"

"అదే నేనూ అడిగితి. చెప్పింది చెయ్యిపో అన్నాడు."

లూదియమ్మ గంప దించుకుంది. నంద్యాల మిల్లు మేస్త్రీకి రావడం లేదని కృపావరం ద్వారా కబురు పంపింది.

ఆ ఏడు చేను నిలబడింది. కళ్లానికి లూదియమ్మను పిలిచారు, ఆమె పోయింది, ఆమెకు రావాల్సింది ఆమె తెచ్చుకుంది. ఆ తర్వాత నాలుగేళ్లూ, పంతొమ్మిది వందల అరవై దాకా, చలికాలం వచ్చిందంటే ఇదే వరస. పొద్దున బస్సుకు పోయేవాళ్లు చూసేవాళ్లు: మంచె మీద గొంగడి కప్పుకుని రెడ్డి, కింద పెరట్లో గొంగడి కప్పుకుని లూదియమ్మ. కావలి మనిషికి బదులు చేనుగల ఆసామి కాపలా కూర్చోవడం చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ లేదు. నవ్వినవాళ్లు నవ్వారు. ఓబులేసు పట్టించుకోలేదు, లూదియమ్మకు పట్టించుకునే తీరిక లేదు.

అట్లా కూర్చున్న మొదటి పొద్దున మాత్రం ఆయనకు కాళ్లు ఊరుకోలేదు. చలికి ముడుచుకుని, మంచె మీదనుంచి వంగి, అప్పుడప్పుడే తిరిగి వస్తున్న గొంతుతో కీచుగా అడిగాడు.

"అయిపోయిందామ్మే?"

లూదియమ్మ తల తిప్పలేదు. వెదురుపుల్ల మాత్రం ఒకసారి పైకెత్తింది.

"ఇంగా గువ్వలు తినాల. గమ్మున కూచో అప్పా."

ఓబులేసు గమ్మున కూర్చున్నాడు.